లోపల వదిలిన గుడ్డ

ఇంట్లో అందరికంటే లావైన పిల్లకి చిట్టి అని పేరు పెట్టినవాళ్ళు ఎగతాళికి పెట్టారో, ముందుచూపుతో పెట్టారో వదినకి ఇన్నేళ్ళయినా తేలలేదు. నలభై దాటాక, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయ్యాక, ఆ పేరు మనిషికి సరిపోవడం మొదలుపెట్టింది. సరిపోయి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోకుండా మనిషి ఇంకా లోపలికి పోతోంది. ఆ సంగతి అందరికంటే ముందు వదినకి తెలిసింది. ఎందుకంటే ఆడపడుచు బట్టలు బిగించే పని ఆవిడదే.

ఆ శనివారం మధ్యాహ్నం కూడా ముందుగదిలో మిషను దగ్గర కూచుని, చిట్టి కళ్ళజోళ్ళ దుకాణంలో తొడుక్కునే కోటుకి పక్క కుట్లు విప్పుతోంది. ఇంతకుముందు బిగించిన కుట్లే. దారం తెగిన చోటల్లా కోటు మీద చిన్న చిన్న చిల్లులు, చీమలు బారు కట్టినట్టు. ఫోను మోగింది.

"అక్కా, నేను. లారీ నడుపుతానే, మొన్న ఆపరేషనయింది, ఆ నేను."

"చెప్పు బాబూ."

"సోడా తాగొచ్చా?"

"తాగకూడదు."

"సగం?"

"సగం సోడా కూడా సోడాయే."

"పోనీ గ్యాసంతా పోయేదాకా ఆగి తాగితే?"

"గ్యాసంతా పోతే దాన్ని నీళ్ళంటారు నాయనా. అవి తాగు. తిండికి ముందూ వెనకా అరగంట ఎడంగా."

వదినకీ అదే ఆపరేషన్ కొన్నేళ్ళ కిందట అయింది. తనకి తగ్గిన కొత్తలో హాస్పిటల్ నర్సు, "కొత్తవాళ్ళు భయపడుతున్నారమ్మా, మీరు వచ్చి ఒక్కసారి మాట్లాడండి" అంది. ఆ ఒక్కసారి ఇప్పటికీ పూర్తి కాలేదు. నంబరు చేతులు మారి చేతులు మారి, ముక్కూమొహం తెలియనివాళ్ళు పొద్దున్నే ఫోన్ చేసి తమ విరేచనాల వైనం చెబుతున్నారు. ఆవిడ మొగుడు, అంటే చిట్టి అన్న, కాఫీ కప్పుతో లేచి వరండాలోకి వెళ్ళిపోయేవాడు. "మన ఇంట్లో కాఫీ తాగే వేళ ఒకటుండేది" అనేవాడు అప్పుడప్పుడూ, పోయిన బంధువుని తలుచుకున్నట్టు.

ఊళ్ళోవాళ్ళకి చేసినప్పుడు ఇంటి మనిషికి చెయ్యకుండా ఎలా ఉంటుంది? చిట్టి ఆపరేషన్‌కి వదినే తోడు వెళ్ళింది. సెలైన్ స్టాండు ఒక చేత్తో, చిట్టిని ఒక చేత్తో పట్టుకుని వార్డు వసారాలో నడిపించింది. సూపు వడకట్టి, మళ్ళీ వడకట్టి, చిన్నపిల్లలకి మందుపోసే మూతతో తాగించింది. "వదినా, టీవీలో సబ్బు ప్రకటన చూసినా నోరూరుతోందే" అని చిట్టి ఏడిస్తే పక్కన కూచుని నవ్వింది, తర్వాత టీవీ కట్టేసింది. నమలకుండా ఒక ముక్క మింగేసి చిట్టి మంచమంతా పాడుచేస్తే, ఒక్క మాట అనకుండా దుప్పట్లు మార్చింది. అనాల్సిన మాటలు తర్వాత మొగుణ్ణి అంది.

వదినకి ఒక అలవాటుంది. బట్ట బిగించేటప్పుడు మిగిలిన గుడ్డ కత్తిరించదు. లోపలికి మడిచి, పెద్ద పెద్ద కుట్లు వేసి వదిలేస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు లాగితే ఊడొచ్చేట్టు. ఇంకో అలవాటు కూడా ఉంది, అది ఎవరూ గమనించలేదు. ఆవిడ నీలం చొక్కాకి చంకల కింద ఇంకో నీలం ఉంది. చెయ్యెత్తితే తప్ప కనపడదు. వదిన చెయ్యెత్తదు. పై అరలో డబ్బా కావాలన్నా మొగుణ్ణే కేకేస్తుంది. ఆయన అది తన పొడుగుకి దక్కిన మర్యాద అనుకుని, పత్రిక మడిచిపెట్టి మరీ వస్తాడు.

సాయంత్రం చిట్టి వచ్చింది. జుట్టు ఊడుతోందని చెవుల పైకి కత్తిరించుకుంది. మెడ కింద ఎముకలు రెండూ తాళంచెవులు తగిలించుకోవచ్చన్నట్టు ఉన్నాయి.

"అయిందా వదినా? వచ్చేవారమే కొత్త దుకాణం తెరిచేది. ముందు కౌంటరు నాదే. గోడ మీద నా ఫొటో కూడా పెడతారట, కళ్ళజోడుతో."

"అయింది, వేసుకో. ఏం తిన్నావు పొద్దుట్నించీ?"

"తిన్నాలే."

"ఏం తిన్నావని అడిగా."

"అబ్బా, మొదలుపెట్టావా!" చిట్టి కోటు తొడుక్కుని అద్దంలో ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తిరిగింది. పక్కన చెయ్యి పెట్టి చూసుకుంది. "ఇక్కడేదో లావుగా తగుల్తోంది. ఏంటిది?"

"ఏం లేదు. కుట్టు."

చిట్టి కోటు విప్పి తిరగేసింది. పక్క కుట్టు పొడుగునా మడత మీద మడత, అరచెయ్యి వెడల్పున గుడ్డ.

"ఇంత గుడ్డ లోపల పెట్టి కుట్టావేంటి?"

"ఉండనీ. అదేమన్నా నిన్ను అన్నం అడుగుతోందా?"

చిట్టి కోటు మిషను మీద పడేసింది. తను వేసుకొచ్చిన చొక్కా అంచు పైకెత్తి చూసింది. అక్కడా మడతే. ప్యాంటు నడుము వేలితో తిప్పి చూసింది. అక్కడా. చిన్నప్పుడు దాచిన బిస్కెట్ల కోసం ఇల్లంతా వెతికిన పట్టుదల మొహంలోకొచ్చింది.

"అన్నిట్లోనూ వదిలావు. అంటే, నేను మళ్ళీ లావెక్కుతానని నీ నమ్మకం."

"నమ్మకం కాదే చిట్టీ. గుడ్డ కత్తిరిస్తే మళ్ళీ రాదు. అంతే."

"ఎందుకు రావాలి? నాకక్కర్లేదు. అందరూ నన్ను చూసి ముచ్చటపడుతుంటే నువ్వొక్కదానివే లోపల్లోపల చోటు పెట్టి కూచున్నావు, ఎప్పుడొస్తానా అని!"

వరండాలోంచి అన్న తలుపు దగ్గరికొచ్చాడు. "ఏమైందర్రా?"

"మీరు కాఫీ తాగండి" అంది వదిన.

"తాగేశాను."

"అయితే ఇంకోటి తాగండి!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆయన వెనక్కి తిరిగాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. చిట్టి వదిన నడుము వైపు ఒకసారి చూసి, "నువ్వు మళ్ళీ పెరిగావని అందరూ పెరుగుతారా ఏంటి?" అంది. అని, మిషను మీదున్న కత్తెర తీసుకుని మడతలు టకటకా కత్తిరించేసింది. అతుక్కి కూడా పనికిరాని నీలం పేలికలు నేలమీద పడ్డాయి. కోటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మెట్లు దిగుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకున్న చప్పుడు వదినకి వినపడింది. పేలికలు ఏరుతూ ఆ చప్పుడునే తలుచుకుంది.

తర్వాత చిట్టి ఫోన్ ఎత్తడం మానేసింది. వదిన ఫోను మాత్రం మోగుతూనే ఉంది. మాత్రలు పొడి చేసుకోవచ్చా అని ఒకావిడ. గుడ్డు తింటే గుండె దగ్గర పట్టేసిందని ఒకాయన. "నమలండి, హడావిడి పడకండి, బస్సేం వెళ్ళిపోవడం లేదు" అని అందరికీ చెబుతూ, వదిన పళ్ళు నూరుకుంది. ఊరందరి కడుపులూ తన అదుపులో ఉన్నాయి, ఇంటిపిల్ల కడుపు తప్ప.

"దాంతో నేను మాట్లాడానులే, బాగానే ఉన్నానంది" అన్నాడు అన్న.

"ఎలా అంది?"

"గట్టిగానే అంది."

"బాగున్నవాళ్ళు అంత గట్టిగా అనరండీ."

"అన్నం తినకపోతే అదే ఆకలేసి తింటుందిలే."

"ఆకలి వెయ్యదండీ! ఆపరేషన్ చేసేదే అందుకు. ఇన్నేళ్ళు ఇద్దరితో కాపురం చేశారు, ఆ మాత్రం తెలీదా?" అంది వదిన. "ఆపరేషన్‌కి ముందు నేను, తర్వాత నేను" అని వివరం చెప్పేసరికి ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు వదిన తన కళ్ళజోడు కాడ మర తనే కాస్త వదులు చేసుకుని దుకాణానికి వెళ్ళింది. అద్దాల బీరువాల మధ్య చిట్టి రెండు చేతులూ కౌంటరు మీద ఆనించి నిలబడి ఉంది. కోటు అతికినట్టుంది. అతికినట్టు కూడా కాదు, మళ్ళీ కొంచెం వేలాడుతోంది.

"చెప్పండి మేడం" అంది చిట్టి.

"మర వదులైంది మేడం" అంది వదిన.

చిట్టి చిన్న స్క్రూడ్రైవరు తీసి మర బిగించబోయింది. ఆవగింజంత మర. ఇరవయ్యేళ్ళుగా మాట్లాడుతూనే బిగించే చెయ్యి. మర జారి గాజు పళ్ళెంలో టింగుమంది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ టింగు. మూడోసారి పక్క కౌంటరు అమ్మాయి వచ్చి, "ఇలా ఇవ్వండి మేడం" అని తీసుకుంది. చిట్టి చేతులు కోటు జేబుల్లో పెట్టేసుకుంది.

"ఏసీ ఎక్కువైంది" అంది ఎవర్నీ చూడకుండా.

"మధ్యాహ్నం ఏం తింటారు మేడం మీరు?" అంది వదిన.

"కస్టమర్లకి అవన్నీ చెప్పం మేడం."

వదిన గట్టిగా కళ్ళజోడు పెట్టుకుని బయటికొచ్చింది. రోడ్డు మీద నిలబడితే ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపాన్ని ముందు పంపింది. డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్దామంటే చిన్నపిల్ల కాదు. డాక్టరుకి తనే ఫోన్ చేస్తే, మనిషి రావాలి కదమ్మా అన్నారు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఆ వారం హాస్పిటల్ కింది అంతస్తులో సమావేశం. వదిన ఎప్పట్లాగే ముందుగా వెళ్ళి కుర్చీలు సర్దింది. ఎవరో చేతులున్న కుర్చీలు తెచ్చి వేశారు. అలాంటి కుర్చీలో ఇరుక్కుని, లేచేటప్పుడు కుర్చీ కూడా తనతో లేస్తే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకి తెలుసు. అవన్నీ గోడకి తోసి, చేతుల్లేని వెడల్పాటివి వరసగా వేసింది. అప్పుడే డైటీషియన్ నవ్వుతూ వచ్చింది.

"ఇవాళ మీ చిట్టిగారు మాట్లాడతారండీ. నేనే పిలిచాను. అంత బాగా తగ్గారు కదా, కొత్తవాళ్ళకి ధైర్యం."

వదిన నోరు తెరిచేలోపల జనం వచ్చేశారు. వాళ్ళతోపాటు చిట్టీ, కోటు వేసుకుని, పెదాలకి రంగు వేసుకుని. చప్పట్లు కొట్టారు. ప్రొజెక్టరు వైరు కనపడలేదని డైటీషియన్ వెతకడానికి పైకి వెళ్ళింది. ఆ వైరు ఏ సమావేశంలోనూ కనపడదు. దాని పని అదే.

చిట్టి ఆగలేదు. తన పాత ఫొటో చూపించింది. అందరూ "అబ్బో" అన్నారు.

"ఎలా తగ్గావని అందరూ అడుగుతారు. అంతా మనసులో ఉంటుంది. ఆ మధ్య కాటా కదలడం మానేసింది. అందరూ మామూలే అన్నారు. నేను ఒప్పుకోలేదు. రోజుకి మూడు చెంచాలు. అంతే. ఆ విటమిన్ మాత్రలు కూడా మానేశా, అవి వేసుకుంటే ఒళ్ళొస్తోంది. దెబ్బకి కాటా కదిలింది!"

ముందు వరసలో లారీ అతను కళ్ళార్పకుండా వింటున్నాడు. "మూడు చెంచాలు" అని పక్కవాడికి వేళ్ళు ముడిచి చూపించాడు. పక్కవాడు తలూపి, "చిన్న చెంచాయా, పెద్దదా?" అన్నాడు.

వదిన వెనక వరసలో కూచుని ఉంది. నోరు మూసుకుంటే ఇంటి పరువు నిలుస్తుంది, ఈ ఇద్దరూ ఇంటికెళ్ళి చెంచా వెతుక్కుంటారు. నోరు తెరిస్తే చిట్టి ఈ జన్మలో గడప తొక్కదు. అసలు తొక్కడానికి ఆ చిట్టి ఉండాలి కదా! వదిన లేచి నిలబడింది.

"అది తప్పు" అంది.

గదంతా వెనక్కి తిరిగింది. "కావాలంటే ఆవిడ చేతులు చూడండి" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. చిట్టి చేతులు జేబుల్లో ఉన్నాయి. మొహం మాత్రం, దుప్పట్లు మార్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. వదిన ఆ మాట మింగేసింది. మింగి, కుడిచెయ్యి పైకెత్తింది.

బడిలో జవాబు తెలిసిన పిల్లలా చెయ్యెత్తి నిలబడ్డ వదినని అందరూ అయోమయంగా చూశారు. "ఇక్కడ చూడండి" అని ఎడంచేత్తో చంక కింద చూపించింది. "నేను బాగా తగ్గినప్పుడు, ఇంక నాకేంటని గుడ్డంతా కత్తిరించి పారేశా. రెండేళ్ళకి కొంచెం వెనక్కొచ్చింది. డాక్టర్ని అడిగితే చాలామందికి వస్తుంది, అది తప్పూ కాదు, ఓడిపోవడమూ కాదు అన్నారు. మరి చొక్కా వినదు కదా! అందుకని ఈ అతుకు."

ముందు వరసవాళ్ళు మెడలు సాచి చూశారు.

"అక్కా, అది వేరే నీలం" అన్నాడు లారీ అతను.

"అవును బాబూ. రంగులు బాగా గుర్తుపడతావు, సిగ్నళ్ళ దగ్గర పనికొస్తుంది. ఆ రంగు గుడ్డ మళ్ళీ దొరకలేదు. అప్పట్నించీ నేను మీ ముందు చెయ్యెత్తలేదు. మీరు నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంటారట, అందుకని అతుకు దాచా. దాచబట్టే ఇక్కడ కొంతమంది కాటా కాస్త ఆగితే కొంప మునిగినట్టు బెదిరిపోతున్నారు. కాటా ఆగితే ఆగనివ్వండి. తినండి. మాత్రలు వేసుకోండి. మూడు చెంచాలతో పిచ్చుక కూడా బతకదు."

ఎవరో నవ్వారు. వెనకనించి ఒకావిడ, "నాకూ నాలుగు కేజీలొచ్చిందండీ, అందుకే రావడం మానేశా, ఇవాళే వచ్చా" అంది. ఆవిడ మాట పూర్తయ్యేలోపల తలుపు కిర్రుమంది. చిట్టి తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

వదిన చెయ్యి దించి, సంచీ తీసుకుని వెనకే పరిగెత్తింది. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. పైకెళ్ళే మెట్లలో నాలుగో మెట్టు మీద చిట్టి మోకాళ్ళలో తల పెట్టుకుని కూచుని ఉంది.

"రాకు" అంది చిట్టి.

వదిన వచ్చి పక్కన కూచుంది.

"అందరి ముందూ నా పరువు తీశావు."

"నీది ఎక్కడ తీశానే? తీసింది నాదేగా. చంకలో చెయ్యి పెట్టి మరీ."

చిట్టి తలెత్తలేదు. "కళ్ళు తిరుగుతున్నాయి వదినా."

"తెలుసు."

"ఇవాళే కాదు. రోజూ తిరుగుతున్నాయి. నిన్న కస్టమరుకి అక్షరాలు చదివిస్తుంటే నాకే కనపడలేదు."

"మరి చెప్పవేం?"

"చెబితే తినమంటావు." చిట్టి మోకాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కుంది. "తింటే పాత ఫొటోలోకి పోతానేమోనని భయం. చెంచా ఎత్తితే చాలు, అదే కనపడుతుంది. నాకు ఆకలి తీసేశారు గానీ ఆ భయం తియ్యలేదు. నువ్వేమో లోపల గుడ్డ పెట్టావు. ఆ భయాన్ని నువ్వే కుట్టి ఇచ్చినట్టు అనిపించింది."

  వదిలిన గుడ్డ భరోసా అనుకుంది వదిన. ఒక్కసారైనా చిట్టితో ఆ మాట పైకి అన్నదా? తన అతుకు చూపించిందా? లేదు. చెయ్యి దించుకుని కుట్టుకుంటూ పోయింది. తనమీద తనకే ఒళ్ళు మండింది. సంచీలోంచి చిన్న డబ్బా తీసింది. పెరుగులో మెదిపిన గుడ్డు. వారం నించీ రోజూ చేసి సంచీలో పెట్టుకుని తిరుగుతోంది, ఎక్కడైనా దొరక్కపోతుందా అని. సాయంత్రం మొగుడు తింటున్నాడు, పాపం, ఏమీ అడక్కుండా.

"నాకొద్దు" అంది చిట్టి.

"వద్దు. నేను తింటా, నువ్వు చూడు."

"ఈ మెట్ల మీదా?"

"మెట్లకి చేతులుండవుగా, ఇరుక్కోం."

చిట్టి మొహం ఒక పక్కకి నవ్వబోయి ఆగింది. చెయ్యి చాపింది. చెంచాలోంచి కొంచెం కోటు మీద పడింది.

"కోటు పాడైంది" అంది.

"ఆ కోటు ఎప్పుడో పాడుచేశావు, నా కత్తెరతో. ఒళ్ళు పట్టాక అతుకు వెయ్యాలి. ఆ రంగు ఎక్కడ దొరుకుతుందో ఏమిటో."

"నీ చంక కింద దొరికిందిగా." చిట్టి రెండో చెంచా నోట్లో పెట్టుకుని నమిలింది. చాలాసేపు నమిలింది. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే, "డాక్టరు తిడతాడా?" అంది.

"తిడతాడు. పక్కన నేను కూడా తిడతా. ఈ పూటే వెళ్దాం, పై అంతస్తే కదా."

"నేనింకా ఒప్పుకోలేదు."

"సరే, ఒప్పుకోకుండానే రా."

పైనుంచి డైటీషియన్ వైరు చేత్తో పట్టుకుని దిగుతూ వీళ్ళని చూసి ఆగింది. "ఏమైందండీ? మీటింగు?"

"బాగానే జరుగుతోంది" అంది వదిన. "లోపల లారీ అతనొకడున్నాడు. ముందు అతని చేతిలో చెంచా లాక్కోండి. తర్వాత మా కోసం డాక్టరుగారికి ఒకసారి చెప్పండి, వస్తున్నామని."

డైటీషియన్ చిట్టి వంక చూసి, మళ్ళీ పైకే వెళ్ళింది. వైరు అక్కడే మెట్ల మీద మర్చిపోయింది.

వదిన ఫోను మోగింది. సంచీలో మోగుతూనే ఉంది. వదిన తియ్యలేదు. చిట్టి మూడో చెంచా మింగి, డబ్బాలోకి చూసి, ఇంకోటి తీసుకుంది. చెంచా గాలిలోనే ఆపి వదిన వైపు అనుమానంగా చూసింది.

"లెక్కపెట్టకు" అంది.

"లెక్కపెట్టడం లేదే" అంది వదిన, నాలుగు అనుకుంటూ.